సంగీతం లేని ఇల్లు

నున్నటి కాగితం మీద అచ్చేసిన పన్నెండు పేజీల చిన్న పుస్తకం అది. మొన్న హైదరాబాదులో కచేరీ హాలు గుమ్మం దగ్గర వచ్చినవాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చారు. అట్ట మీద నా మేనకోడలు సమీన. పెద్ద నల్ల పియానో ముందు కూర్చుని, తల వెనక్కి విసిరి, గొంతెత్తి పాడుతున్న ఫోటో. వెనకాల మసగ్గా వయొలిన్లు. మూడో పేజీలో ఆమె గురించి నాలుగు పేరాలు రాశారు. అందులో రెండో పేరా ఇలా మొదలవుతుంది: "ఎలాంటి సంగీత నేపథ్యమూ లేని కుటుంబంలో పుట్టి, తనంతట తానే సాధన చేసి ఎదిగిన కళాకారిణి." కచేరీ రోజు నేను ఆ వాక్యం చదవలేదు, కళ్లజోడు సంచి అడుగున ఉండిపోయింది. మర్నాడు పొద్దున జనగామలో మా ఇంటి వరండాలో కూర్చుని చదివాను. అప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. ఈ వయసులో కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు. కొన్నిటికి కూడా కోపం రాకపోతే ఇక ఆ మందులు మింగి బతికి ఏం లాభం?

సంగీతం లేని ఇల్లట మాది! మా అబ్బా, ఖాసిం మాస్టర్, పద్నాలుగు మంది బ్యాండు మేళానికి పెద్ద. తొర్రూరు చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లి కుదిరినా పంతులుగారి తర్వాత కబురొచ్చేది మా ఇంటికే. ఆయన క్లారినెట్ వాయించేవాడు. పొద్దున నమాజు కాగానే ఆయన చేసే మొదటి పని, ఆ క్లారినెట్ మూతికి బిగించే రీడును అంచు విరిగిన చాయ్ గ్లాసులో నీళ్లు పోసి నానబెట్టడం. ఆ గ్లాసు ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు. నానిన తర్వాత దాన్ని నాలుక మీద పెట్టుకుని, నోరు మెదపకుండా, అన్నిటికీ చేతి సైగలు చేస్తూ ఇల్లంతా తిరిగేవాడు. అమ్మీ ఆ సమయం చూసుకునే ఆయన్ని తిట్టేది, తిరిగి జవాబు చెప్పలేడని. మేం ఇంట్లో దక్కనీ మాట్లాడతాం గానీ, తిట్లు మాత్రం మా అందరికీ తెలుగులోనే బాగా వస్తాయి. తొర్రూరు నీళ్ల మహిమ అది.

పెళ్లికి ముందు రోజు ఇత్తడి బాకాలన్నీ వాకిట్లో పరిచి చింతపండు పిప్పితో, బూడిదతో తోమేవాళ్లం. ఆ పులుపూ ఇత్తడీ కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు పెళ్లే గుర్తొస్తుంది. పద్నాలుగు ఎర్ర కోట్లుండేవి, భుజాల మీద బంగారు రంగు పట్టీలతో. పాత కుట్టు మిషను ఒకటి సంపాదించి మా అబ్బానే వాటిని కుట్టాడు. ఆ మందం గుడ్డ ఉతికితే ముడుచుకుపోతుంది కనుక ఎండలో ఆరేసి, అత్తరు చల్లి, కలరా ఉండలు వేసి ఇనప పెట్టెలో పెట్టేది అమ్మీ. పెట్టె తెరిస్తే పద్నాలుగు మంది చెమట వాసన అత్తరుతో కలిసి ముక్కుకు కొట్టేది. గోడకు మేకుకి పంచాంగం వేలాడుతుండేది. ఉగాది రాగానే కొత్త పంచాంగం కొనే తురకల ఇల్లు ఊళ్లో మాదొక్కటే. మరి ముహూర్తాలు లేకపోతే మాకు పని లేదు. రంజాను ఉపవాసాలకు సాయంత్రమైతే తిండి ఉండేది, ఆషాఢం పస్తులకు ఆ భరోసా కూడా ఉండేది కాదు. తెలుగు చదవడం రాని మా అమ్మీ ఆ పంచాంగం వైపు చూసి, "గీ మూఢం ఎన్నడు పోతదో అల్లాకే ఎరుక" అనేది.

కొత్త సినిమా వచ్చిందంటే అబ్బా తొర్రూరు టాకీసు గోడ వెనక నిలబడి పాటలు వినేవాడు. లోపలికి పోతే బొమ్మ చూస్తాం తప్ప పాట వినం అనేవాడు. మూడు రోజులు విని వచ్చి పద్నాలుగు మందినీ వాకిట్లో నిలబెట్టి, ఎవరి ముక్క వాళ్లకు నోటితో పాడి నేర్పేవాడు. ట్రంపెట్‌కు ఒకటి, పెద్ద బాకాకు ఒకటి, డోలుకు ఒకటి. కాగితం లేదు, అక్షరం లేదు. అన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఎవరైనా తప్పితే వాయిస్తూనే కనుబొమ్మ ఎత్తేవాడు, అంతే. మొన్న కచేరీలో అరవై మంది ముందు అరవై కాగితాలు చూశాక గానీ నాకు ఆయన ఏం మోశాడో తెలియలేదు.

నాకు పదేళ్లప్పుడు రఘునాథపల్లి దగ్గర ఒక పెద్దింటి పెళ్లికి మేళం కుదిరింది. నాతో తొర్రూరు బడిలో చదివే సుజాత మేనమామ పెళ్లి అది. నేనూ వస్తానని ఏడ్చి గోల చేశాను. "పెండ్లికి పోతూ పిల్లిని సంకనేసుకున్నట్టు" అని అమ్మీ సణిగింది గానీ అబ్బా సరేనన్నాడు. పొద్దున ఎదుర్కోలు దగ్గర మొదలుపెట్టి ఎండ నడినెత్తికి వచ్చేదాకా మేళం ఆగలేదు. పందిట్లో కుర్చీలు ఎన్ని ఖాళీగా ఉన్నా బ్యాండువాళ్లు కూర్చోకూడదు. అది ఎవరూ చెప్పని కట్టడి, అందరికీ తెలిసిన కట్టడి. ఊరంతా బంతుల్లో కూర్చుని తింటుంటే పక్కనే నిలబడి వాయించాలి. ఉత్త కడుపుతో, ఉడికిన మాంసం వాసన పీలుస్తూ, ఆ పీల్చిన గాలినే క్లారినెట్‌లోకి ఊదాలి. చివరి బంతి కూడా లేచాక, కొట్టం వెనక నేల మీద మాకు ఇస్తార్లు వేశారు. అన్నం అడుగంటింది. వడ్డించేవాడు గిన్నె వంచి, "పచ్చిపులుసు ఉన్నది, గింతల సదురుకోండ్రి" అని వెళ్లిపోయాడు. నేను అబ్బా మొహంలోకి చూశాను. "బువ్వ మీద కోపం చెయ్యొద్దు బిడ్డా" అన్నాడు. ఆయన పెదవి పగిలి, పులుసు తగిలినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు. అప్పుడే సుజాత చేతులు కడుక్కోవడానికి కొట్టం వెనక్కి వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు గూడ బ్యాండేనా?" అంది. వెక్కిరింపు కాదు, ఉత్త ఆశ్చర్యం. నేను ఇస్తారిలోకి తల వంచేశాను.

ఆ తర్వాత కాలం మారింది. క్లారినెట్ పాటకు జనం చెవొగ్గడం తగ్గి, బండి మీద కీబోర్డూ మైకూ పెట్టుకుని పాడే బ్యాండ్లు వచ్చాయి. అప్పటికి నేను భూపాలపల్లిలో టీచరు ఉద్యోగంలో చేరాను, పుస్తకాలు రాయడం ఆ తర్వాతి సంగతి. నా తమ్ముడు యూసుఫ్ ఒక కీబోర్డు కొని, తోపుడు బండికి కట్టి, దాని వెనక నిలబడి వాయిస్తూ తనే పాడేవాడు. వాడి పక్కన అబ్బా క్లారినెట్. ఒకసారి వాళ్ల మేళం భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుల కాలనీకి వచ్చింది. నేను అద్దెకుండే ఇంటి ముందు నుంచే బరాత్ వెళ్లింది. ఆ రోజు జరిగింది నా కళ్లతో నేనే చూశాను. తాగిన పెళ్లివాడొకడు అదే పాట ఐదోసారి కొట్టమన్నాడు. పెదవి ఆరిపోయింది, జర నీళ్లు తాగి కొడతామని అబ్బా చెప్తున్నాడు. "బ్యాండోనివి బ్యాండోని లెక్క ఉండు" అంటూ వాడు చేతిలో ఉన్న బీరు సీసాను కీబోర్డు మీద బోర్లించాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కీబోర్డు గుర్రుమని ఆగిపోయింది. పెళ్లికొడుకు నడుస్తుండగా మేళం ఆగితే అశుభమని మళ్లీ వాళ్లే గదమాయించారు. అబ్బా ఆ ఆరిపోయిన పెదవితోనే చివరిదాకా ఒక్కడే వాయించుకుంటూ పోయాడు.

ఆ కీబోర్డును తొర్రూరులో మూడు రోజులు ఎండబెట్టారు. అన్ని మెట్లూ తిరిగి పలికాయి, నడిమిలో ఉన్న ఒక్క తెల్ల మెట్టు తప్ప. కొత్తది కొన్నాక పాతది మంచం కిందికి చేరింది. అబ్బా పోయిన చాలా ఏళ్లకు యూసుఫ్ కూతురు సమీన దాన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, నేల మీద పడుకుని వాయించడం మొదలుపెట్టింది. ఆ చచ్చిపోయిన మెట్టు అవసరమైనప్పుడల్లా ఎగిరి, పై స్థాయిలో ఉన్న దాని జోడు మెట్టును అందుకునేది. గొంతు కూడా అలాగే ఎగిరేది. తన మొదటి పాట దాని మీదే కట్టింది. ఇప్పుడు కుర్రకారంతా ఫోన్లలో వింటున్న పాట అదే.

ఇక మొన్నటి కచేరీ. యూసుఫ్ తొర్రూరు నుంచి బస్సులో జనగామ వచ్చాడు, ఇద్దరం రైలెక్కి వెళ్లాం. తెల్ల కుర్తా వేసుకున్నాడు, గడ్డానికి గోరింటాకు పెట్టించుకున్నాడు. వేదిక నిండా నల్ల కోట్ల వాళ్లు, అరవై మంది. మొదట ఒకాయన ఒక్క స్వరం ఊదితే మిగతావాళ్లంతా దానికి తమ వాయిద్యాలు సరిచేసుకున్నారు. యూసుఫ్ నా మోచెయ్యి పొడిచి, "అబ్బా గిట్లనే చేసెటోడు గదా ఆపా" అన్నాడు. తర్వాత సమీన వచ్చింది, జీన్సు ప్యాంటులో, జుట్టు విరబోసుకుని. వెంట డ్రమ్ములూ ఎలక్ట్రిక్ గిటారూ. పియానో మీద రెండు చేతులూ పడేసరికి హాలంతా అదిరింది. సమీన గొంతెత్తితే వెనక నలభై వయొలిన్లు లేచాయి. ఆ పిల్ల అంత పెద్ద వాద్యబృందం ముందు బెరుకు లేకుండా నవ్వుతూ, కాలితో తాళం కొడుతూ పాడుతుంటే నాకు కళ్లు నిండాయి. దాచుకోవడమెందుకు, ఏడ్చాను.

కానీ ఏడుస్తూనే చుట్టూ చూశాను. దగ్గొచ్చినా ఆపుకుంటున్నారు జనం. పక్కన ఎవరి ఫోనో మోగితే పది మంది ఉరిమి చూశారు. వాయించేవాళ్లకు తలా ఒక కుర్చీ, కుర్చీ పక్కన నీళ్ల సీసా, మధ్యలో విరామం, అయిపోయాక అందరూ లేచి నిలబడి చప్పట్లు. వాళ్ల మీద నాకు ఇసుమంత కోపం లేదు, వాళ్ల విద్యకు ఆ మర్యాద తగును. మా అబ్బా ఊదిందీ ఊపిరే కదా? ఆయన క్లారినెట్ మీద జీవితమంతా లారీ హారన్లు మోగాయి. ఆయన పాట ముగిస్తే చప్పట్లు కొట్టినవాళ్లను నేను చూడలేదు, ఆగింది ఎందుకని అడిగినవాళ్లనే చూశాను. ఇదే జనం, ఇదే చెవులు. కుర్చీ వేసి కూర్చోబెడితే సంగీతం, ఎండలో నడిపిస్తే గోల.

చివర్లో ఆ మొదటి పాట వచ్చింది. గొంతు మెల్లగా మెట్లు ఎక్కుతూ వచ్చి, తర్వాతి మెట్టు మీద కాలు పెడుతుందనుకున్న చోట ఒక్కసారిగా ఎగిరి పైదాన్ని పట్టుకుంది. యూసుఫ్ నా చెయ్యి గట్టిగా నొక్కాడు. "ఇన్నవా ఆపా? గా మెట్టు! మన సచ్చిపోయిన మెట్టు!" అన్నాడు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి ఉష్ అన్నారు. ఆ ముందున్న పియానోలో అన్ని మెట్లూ నిక్షేపంగా పలుకుతాయి, అయినా సమీన వేలు ఆ నడిమి మెట్టు మీద పడలేదు. రెండోసారి ఆ చోటు వచ్చినప్పుడు అరవై మందీ దానితో పాటు ఎగిరారు. భూపాలపల్లిలో తాగుబోతు ఒలకబోసిన బీరుకు నలభై వయొలిన్లు పక్కకు తప్పుకుని పోతున్నాయి. ఆ పుస్తకంలో నాలుగో పేరాలో దీని గురించి కూడా రాశారు. "ఆమె స్వరంలోని ఆ అనూహ్యమైన ఎగురు పాశ్చాత్య సంగీత ప్రభావం" అట. పాశ్చాత్యం కాదు, నా తలకాయ.

ఇదంతా మర్నాడు పొద్దున చదివి, వెంటనే సమీనకు ఫోన్ కొట్టాను. నిద్ర మొహంతో ఎత్తింది. "సంగీతం లేని ఇల్లా మనది? మీ దాదా ఖాసిం మాస్టర్ ఎవరే? మీ అబ్బా ఎవరే? సిగ్గు లేదా రాయనీకి?" అని దులిపేశాను. అంతా విని, "ఫుప్పూ, నేను రాయలే. ఇంటి సంగతులన్నీ వాళ్లు మా అబ్బాను అడిగి రాసుకున్నరు. వచ్చే నెల ఇంకో ఊర్ల కచేరీ ఉన్నది, పుస్తకం మల్ల అచ్చేస్తరు. గీ వారంల చెప్తె మారుస్తరు. అబ్బాను ఒప్పియ్యి, నాకైతే ఇష్టమే" అంది.

రాత్రి నాతోపాటే జనగామ వచ్చి పడుకున్న యూసుఫ్, వరండా మెట్టు మీద కూర్చుని చాయ్‌లో బన్ను ముంచుకుంటున్నాడు. పుస్తకం వాడి ముందు పడేశాను.

"గిది నువ్వు చెప్పినవారా?"

"చెప్పిన. మీ ఇంట్ల సంగీతం తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా సార్ అని అడిగింది గా పుస్తకం రాసే మేడం. లేరమ్మా, మాది బ్యాండు అన్న."

"బ్యాండు సంగీతం కాదా?"

"ఎట్లయితది ఆపా?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "సంగీతమంటె కూసొని చేసేది. మనది నిలవడి చేసేది."

నాకు కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎవరు నేర్పారు వీడికి ఆ మాట? ఏ పాఠశాలలో నేర్పారు? నలభై ఏళ్లు వీధుల్లో నడుస్తూ పాడినవాడు, కూతురు వేలు ఏ మెట్టు మీద పడలేదో చీకటి హాల్లో కళ్లు మూసుకుని చెప్పినవాడు, తన ఇంట్లో సంగీతం లేదని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అబద్ధం చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు. వాడు నిజమనుకునే చెప్పాడు. అరిచాను. అబ్బా పెదవి గురించి, కొట్టం వెనక ఇస్తార్ల గురించి, ఆ బీరు సీసా గురించి, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఇప్పుడే ఆ మేడంకు ఫోన్ చేసి, బ్యాండు మాస్టర్ మనవరాలని, బ్యాండు పాటగాడి బిడ్డని రాయించమన్నాను.

"బ్యాండోని బిడ్డ అంటె రేపు దాన్ని చూసి నవ్వుతరు ఆపా."

"నవ్వితే నవ్వనియ్యి! ఉన్న మాట చెప్పుకోనీకి భయమెందుకురా?"

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగా అడిగాడు. "మరి నీ పుస్తకాల ఎనుక ఏం రాసుకున్నవ్ ఆపా? దర్జీ బిడ్డనని రాసుకున్నవ్ గదా. నేనేమన్న అన్ననా? ఆనాడు భూపాలపల్లిల నువ్వు గోడ మీదికెళ్లి చూసి, లోపలికి పోయి తలుపేసుకున్నవ్. అప్పుడన్న అన్ననా? అబ్బా గూడ చూసిండు. ఆపాకు కొత్త నౌకరీ, పరేషాన్ చెయ్యొద్దురా అన్నడు."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకైతే తెలుసు, తెలిసే ఇన్నాళ్లూ పైనున్న ఎరుపునే అందరికీ చూపించాను. ఆ రఘునాథపల్లి పెళ్లి తర్వాత బడి తెరవగానే కొత్త సారు మీ నాయిన ఏం పని చేస్తాడని వరసగా అందర్నీ అడిగాడు. నా వంతు రాగానే "దర్జీ సార్" అన్నాను. రెండో బెంచీలో సుజాత ఉంది. నా వైపు చూసింది గానీ నోరు విప్పలేదు. ఒకసారి చెప్పిన మాట రిజిస్టరులోకి ఎక్కింది, అక్కడి నుంచి ఉద్యోగం కాగితాల్లోకి, అక్కడి నుంచి పుస్తకాల అట్టల మీదికి. బీరు పోసిన రోజు నా పక్కన తోటి టీచర్లు ఇద్దరు నిలబడి బరాత్ చూస్తున్నారు. ఒకావిడ "పాపం ముసలాయన" అంది. నేను తలనొప్పిగా ఉందని లోపలికి వెళ్లిపోయాను.

"రాపిస్త ఆపా, నువ్వన్నట్టే రాపిస్త" అన్నాడు యూసుఫ్, చెప్పులు వేసుకుంటూ. "ముందు నీది దిద్దు." తొర్రూరు బస్సుకు వేళైందని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అలమారలోంచి నేను రాసిన ఏడు పుస్తకాలూ తీశాను. ఏడింటి వెనకా ఒకటే మాట: తొర్రూరులో ఒక దర్జీ కుటుంబంలో పుట్టారు. మా అబ్బా తన జన్మలో కుట్టింది పద్నాలుగు ఎర్ర కోట్లు. వాటిని వేసుకుని ఏం చేశారో ఎక్కడా రాయలేదు. అందుకే ఎనిమిదో పుస్తకం కోసం ఈ అధ్యాయం రాయడానికి కూర్చున్నాను. మర్నాటి సాయంత్రానికి ఇక్కడిదాకా వచ్చింది. యూసుఫ్‌కు ఫోన్ చేసి, చదివి వినిపించాను. వాడు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అంతా మంచిగనే రాసినవ్" అన్నాడు చివరికి. "కానీ కోట్లు పద్నాలుగు కాదు ఆపా, పదిహేను. మిగిలిన గుడ్డతోని నీకు గూడ ఒకటి కుట్టిండు, చిన్నది. రఘునాథపల్లికి ఏసుకొని పోయినవ్ గదా. మర్సినవా?"

మరిచిపోలేదు. సుజాత వెళ్లిపోయాక ఆ కోటు విప్పి, కొట్టం పక్కన గడ్డివాములోకి లోపలికంటా కుక్కి, చేతులు దులుపుకుని వచ్చాను. ఇంటికొచ్చాక అబ్బా ఇనప పెట్టె ముందు కూర్చుని కోట్లు ఒక్కొక్కటే మడత పెట్టి సర్దాడు. పద్నాలుగు సర్దాడు. పెట్టె మూత తెరిచి పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత మూసేశాడు. పదిహేనోది ఏదని నన్ను అడగలేదు.